బావ, బోరు మోటరు, 72 మెగాహెర్ట్జులు

నా బల్లమీద రెండు కార్డులున్నాయి. కార్డు అంటే ఉత్తరం కాదు. మా ప్రాంతపు మోటరు మెకానిక్కులు సర్క్యూటు బోర్డును అలాగే పిలుస్తారు. "కార్డు పోయింది" అంటే బోర్డు చెడిపోయిందని అర్థం. ఒకదాని వెనుక మార్కరు కలంతో మానుకోట అని, రెండవదానిపై భూపాలపల్లి అని రాసుకున్నాను. భూపాలపల్లి కార్డు అంచు నల్లగా ఉంటుంది. అది కాలిన మచ్చ కాదు, బావ చేతి బొగ్గు మరక. కాలింది మోటరు. మూడవ కార్డు, జనగామ అని రాసినది, మళ్ళీ పొలానికే వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో ముందు ముందు చెబుతాను.

ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు 11 దాకా ఒకే వరంగల్లు జిల్లాలోవి. ఆ రోజున మూడూ మూడు జిల్లాల కేంద్రాలైనాయి. మా పుట్టింటి పొలం జనగామ పక్కన. అత్తవారిది మహబూబాబాదు దగ్గర. పాతవాళ్ళకు అది నేటికీ మానుకోటే. అక్కను ఇచ్చింది భూపాలపల్లికి. జనగామ నుంచి మానుకోటకు గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే చాలు. భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండలో దిగి పరకాల మీదుగా బస్సులో పోవాలి. ఇంత దారి వర్ణన దేనికంటే, నేను తయారుచేసిన ఒకే వస్తువు ఈ మూడు చోట్లా మూడు రకాలుగా నా పరువు తీసింది.

ఆ వస్తువు సెల్‌ఫోనుతో బోరు మోటరును నడిపే డబ్బా. ఇటువంటివి బజారులో లేకపోలేదు. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ గారి 'నానో గణేశ్' గురించి చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం సొంతంగా చేయాలని కోరిక. ఎలక్ట్రానిక్స్ చదువుకొని, ఆ చదువుతో సంబంధం లేని కొలువు చేసే వాడికి ఇటువంటి జబ్బు ఒకటి ఉంటుంది.

దీని వెనుక కొంత చరిత్ర ఉంది. మా వైపు వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా వచ్చేది. చాలాకాలం రాత్రివేళల్లో వచ్చేది. చీకట్లో పొలానికి పోయి మోటరు వేయబోయి పాము కరిచినవారు, షాకు కొట్టి పోయినవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అందుకే రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు వచ్చిన మరుక్షణం మోటరు తనంత తానే మొదలవుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలయ్యాక అదే ఆటోస్టార్టరు శత్రువైంది. ఆపే మనిషి లేక మోటరు రాత్రీ పగలూ తోడుతూనే ఉంటే భూగర్భజలం ఏం కావాలి? ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది. మా బాపు తీసేశాడు. తీసేసి, "పొద్దుమూకి ఎవడు పోయి బందు జేత్తడు?" అని నన్నడిగాడు. నా డబ్బా పుట్టింది ఆ ప్రశ్నలో.

ఇక చిప్పు సంగతి. మైక్రోకంట్రోలరును తెలుగులో ఏమనాలన్న చర్చ నాకు ఇష్టమే. 'సూక్ష్మనియంత్రిక' అన్న మాట చక్కగానే ఉంది. కానీ టంకం పెడుతున్నప్పుడు నోటికి వచ్చేది చిప్పు అన్న మాటే కాబట్టి చదువరులు మన్నించాలి. కాలేజీలో మేము నేర్చుకున్నది 8051. ఇంటెల్ వారు 1980లో తెచ్చిన ఆ చిప్పుకు సెకనుకు కోటీ ఇరవై లక్షల టిక్కులిస్తే పన్నెండు టిక్కులకు ఒక చిన్న పని చేసేది. అంటే సెకనుకు పది లక్షల పనులు. నా డబ్బాలో వాడినది ఏటీమెగా 328. ఆర్డ్యుయినో బోర్డుల్లో ఉండేది ఇదే. 16 మెగాహెర్ట్జులు, చాలా పనులను ఒక్క టిక్కులోనే ముగిస్తుంది. 8051తో పెరిగిన నాకు అదే పంచకల్యాణి గుర్రం.

డబ్బా చేసే పని ఇది. మూడు ఫేజుల వోల్టేజిని కొలుస్తుంది. మోటరుకు పోయే మూడు తీగల్లో ఒకదానికి చుట్ట తొడిగి కరెంటును కొలుస్తుంది. అన్నీ బాగుంటే కాంటాక్టరును మూసి మోటరు వేస్తుంది. ఆ వెంటనే రైతు ఫోనుకు సందేశం పంపుతుంది. కరెంటు హద్దు మీరితే ఆపుతుంది. హద్దు కంటే బాగా తగ్గితే బోరులో నీళ్ళు లేవని అర్థం చేసుకొని ఆపుతుంది. 2018 చివరికల్లా మూడు పొలాల్లోనూ ఒక్కో డబ్బా బిగించాను. బిగించిన రోజున నాకు కలిగిన గర్వాన్ని ఇక్కడ వర్ణించను.

మొదటి అనుమానం మానుకోటలో వచ్చింది. 2019 జనవరి. మిరపతోటకు నీళ్ళు పారుతున్న వేళ మామగారి ఫోనుకు "బావిలో నీళ్ళు లేవు, మోటరు ఆపబడినది" అని సందేశం వెళ్ళింది. ఆయన బావి గట్టుమీదే కూర్చొని ఉన్నారట. "అల్లుడా, నీ డబ్బాకు కండ్లు కనవడ్తలెవ్వా? బాయి నిండ నీళ్ళున్నయి" అన్నారు. పోయి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు కింది డబ్బాలో ఒక ఫ్యూజు పోయింది. అంటే ఒక ఫేజు లేదు. నేను కరెంటు చుట్టను తొడిగింది సరిగ్గా ఆ ఫేజుకే. కరెంటు సున్నా అయ్యేసరికి నా చిప్పు నీళ్ళు లేవనుకుంది. అంతవరకు సరే. నాకు అంతుపట్టనిది మరొకటి. చిప్పు రాసిపెట్టుకున్న లెక్కలో, మోటరు ఆగే క్షణం దాకా మూడు ఫేజుల వోల్టేజీలూ దాదాపు మామూలుగానే ఉన్నాయి. ఆగిన మరుక్షణమే మూడవది పడిపోయింది. లేని ఫేజు ఎలా కనిపించింది? చిప్పు నెమ్మదైనది, మార్పును పట్టుకోలేకపోయింది అని తీర్మానించుకొని ఇంటికి వచ్చేశాను. ఆ తీర్మానం ఎంత తప్పో తరువాత తెలిసింది.

రెండవది భూపాలపల్లి. ఇది రాయడానికే ఈ టపా మొదలుపెట్టాను.

బావ సింగరేణిలో పనిచేస్తాడు, కాకతీయ గనుల్లో. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండవది, ఒక వారం రాత్రి. దిగితే ఎనిమిది గంటలు భూమి లోపల. పొలం ఊరికి దూరంగా అడవి అంచున ఉంటుంది. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఒకటి. ఆ పొగగొట్టాలు పొలంలోకి కనిపిస్తాయి. కానీ ఫోను సిగ్నలు మాత్రం ఆ పొలంలో చెట్టెక్కితేగానీ దొరకదు.

2019 మార్చి మొదటివారం. యాసంగి వరి పొట్టకొచ్చింది. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. నా డబ్బా రెండు నిమిషాలు ఆగి, మూడు ఫేజులూ ఉన్నాయని చూసుకొని, మోటరు వేసింది. ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఇంకా తీయని ఆటోస్టార్టర్లు చాలా ఉన్నాయి. అన్ని మోటర్లూ ఇంచుమించు ఒకేసారి లేచాయి. మొదలయ్యేటప్పుడు మోటరు తన మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు ఒక ఫ్యూజు కొట్టేసింది. మూడు కాళ్ళమీద లేచిన మోటరు రెండు కాళ్ళమీద నిలబడింది. అటువంటప్పుడు అదే బరువును మోయడానికి మిగిలిన రెండు తీగల్లో కరెంటు ఇంచుమించు 1.73 రెట్లవుతుంది. నా చిప్పు దాన్ని చూసి ఆపాలి. ఆపలేదు.

స్టార్టరులో ఉండవలసిన ఓవర్‌లోడు రిలే మాటిమాటికీ పడిపోతున్నదని ఎవరో మెకానిక్కు దాన్ని తప్పించి తీగ కలిపేసి ఉన్నాడు. డబ్బా బిగించిన రోజున నేను అది చూశాను. "నా చిప్పు ఉండగా అదెందుకులే" అనుకున్నాను.

తెల్లవారి బావ రాత్రి షిఫ్టు నుంచి నేరుగా పొలానికి పోయాడు. మోటరు కాలిన వాసన బోరు లోతుల్లో ఉంటుంది కాబట్టి పైకి రాదు. మీట నొక్కితే మూలుగు కూడా లేదు. మనుషులను పిలిపించి పైపులన్నీ పైకి తీయించి, మోటరును హనుమకొండకు పంపి, వైండింగు కొత్తగా చుట్టించి, మళ్ళీ దించేసరికి ఆరు రోజులు పట్టింది. పక్క పొలంవారు రాత్రిళ్ళు కొన్ని గంటలు నీళ్ళిచ్చారు. అయినా ఎత్తున ఉన్న రెండు మళ్ళు తాలుపోయాయి. ఖర్చులకు బావ ఎన్ని ప్లేడేలు చేశాడో అక్క చెప్పింది, బావ చెప్పలేదు.

నేను పోయిన రోజున బావ తవ్వి తీసిన పాత వైండింగు రాగిని చేతిలో పట్టుకొని, "ఏమైంది బామ్మర్దీ?" అని మాత్రమే అడిగాడు.

"చిప్పు స్పీడు లేదు బావా. ఇంతకంటే స్పీడుది పెట్టాలె" అన్నాను.

అబద్ధమాడాలని అనలేదు. అప్పటికి నేను నమ్మినదే అది. కానీ నమ్మడానికి ముందు నేనేమీ పరీక్షించలేదు. బావ లోపలికి పోయి రెండు వేలు తెచ్చి, "మంచిది తే" అని నా జేబులో పెట్టాడు. కాల్చినవాడికి ఎదురు డబ్బు. వద్దని గట్టిగా అనలేకపోయాను, ఎందుకంటే వద్దంటే నా తప్పని ఒప్పుకున్నట్టవుతుంది.

మర్నాడే హైదరాబాదు పోయి కోఠీలోని గుజరాతీ గల్లీలో తిరిగాను. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కోసం ఆ సందుల్లో తిరగని విద్యార్థి ఈ రాష్ట్రంలో ఉండడు. కొన్నది ఎస్టీఎం32ఎఫ్103 చిప్పు ఉన్న చిన్న నీలి బోర్డులు. ముప్ఫై రెండు బిట్ల కార్టెక్స్ ఎం3 జాతి, 72 మెగాహెర్ట్జులు. పాతదానికంటే నాలుగున్నర రెట్లు టిక్కులు. దాని కొలతల కాగితాన్ని రాత్రంతా నవల చదివినట్టు చదివాను. (మన మద్రాసు ఐఐటీ వారి 'శక్తి' అప్పటికే వార్తల్లో ఉంది, సీడాక్ వారి 'వేగ' జాతి చిప్పు తేజస్32 తరువాత వచ్చింది. దేశవాళీది వాడాలని మనసు పీకింది గానీ, ఉదాహరణలు విరివిగా దొరికేదాని వైపే చెయ్యి పోయింది.)

ఆ కాగితంలో ఒక వింత కనబడింది. ప్రోగ్రామును దాచుకొనే ఫ్లాష్ జ్ఞాపకం అంత వేగానికి అందదు. 24 మెగాహెర్ట్జుల దాకా ఫరవాలేదు. 48 దాటిందంటే ప్రతి పఠనానికీ చిప్పు రెండు టిక్కులు ఆగవలసిందే. ఆ ఆగడం కనబడకుండా ముందే చదివి పెట్టుకొనే ఏర్పాటు లోపలే ఉంది. పరుగెత్తే చిప్పు కూడా లోపల ఎక్కడో ఎదురుచూస్తూనే ఉంటుందన్నమాట. అప్పుడు నవ్వుకున్నాను, ఆ నవ్వు ఏప్రిల్ దాకా నిలిచింది.

పాత ప్రోగ్రామును ఉన్నదున్నట్టుగా కొత్త చిప్పులోకి మార్చాను. బల్లమీద మూడు ఫేజులకు బదులు మూడు స్విచ్చులు, మోటరుకు బదులు ఒక బల్బు. ఒక స్విచ్చు తీయగానే రిలే టక్కుమని పడేది. ఎన్నిసార్లు చేసినా అంతే. అబ్బో, వేగం అంటే ఇదీ అనుకున్నాను. ఒక సాయంత్రం మోడెం యాంటెన్నా తీగ ఊడి ఉన్నది చూసుకోకుండా అదే పరీక్ష చేశాను. బల్బు వెలిగింది. స్విచ్చు తీశాను. రిలే పడలేదు. బల్బు అలాగే వెలుగుతోంది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడు నిమిషాలు నిండాక టక్కుమంది.

ఆ మూడు నిమిషాల్లో నాకు భూపాలపల్లి రాత్రి మొత్తం కనబడింది.

మోటరు వేసిన వెంటనే నా ప్రోగ్రాము సందేశం పంపడానికి మోడెమును పిలుస్తుంది. పంపానన్న జవాబు రావడానికి ఒక నిమిషం దాకా పట్టవచ్చునని మోడెం పుస్తకంలోనే రాసి ఉంది. జవాబు రాకపోతే మళ్ళీ ప్రయత్నించమని నేనే మూడుసార్లు పెట్టాను. జవాబు కోసం ఎదురుచూసే ఆ వరుసలో చిప్పుకు వేరే పని చెప్పలేదు. వోల్టేజి చూడదు, కరెంటు చూడదు. పాలు పొయ్యిమీద పెట్టి ఫోనులో మాట్లాడే మనిషివంటిది నా ప్రోగ్రాము. జనగామలో సిగ్నలు బాగుంది, రెండు మూడు సెకన్లలో జవాబు వచ్చేది కాబట్టి లోపం బయటపడలేదు. చెట్టెక్కితేగానీ సిగ్నలు దొరకని చోట అదే లోపం మోటరును కాల్చింది.

మూడు నిమిషాలంటే 180 సెకన్లు. పాత చిప్పు ఆ రాత్రి 288 కోట్ల టిక్కులు ఊరికే గడిపింది. నేను బావ డబ్బుతో కొన్న కొత్త చిప్పు అదే మూడు నిమిషాల్లో 1296 కోట్ల టిక్కులు ఊరికే గడిపింది.

ఆ వారమంతా ప్రోగ్రామును మొదటి అక్షరం నుంచి తిరగరాశాను. కొలతలు, ఆపాలా వద్దా అన్న నిర్ణయం, ఈ రెండూ టైమరు అంతరాయంలో ఉంటాయి. బయట ఏం జరుగుతున్నా సెకనుకు వందల సార్లు అవి నడిచి తీరతాయి. మోడెం సంగతి మిగిలిన తీరికలో. దాన్ని ఒక మాట అడిగి వదిలేయడం, జవాబు వచ్చిందేమో అప్పుడప్పుడు తొంగిచూడటం, అంతే. ఈ పని పాత చిప్పులోనూ చేయవచ్చు. చేయవచ్చునా కాదా అన్నది కాగితంమీద లెక్క వేశాను. ఈ లెక్క గుజరాతీ గల్లీకి పోవడానికి ముందే వేయవలసింది.

లెక్క ఇలా వచ్చింది. పాత చిప్పులో అనలాగు సంకేతాన్ని అంకెగా మార్చే యంత్రం ఒక్కటే. ఒక కొలతకు 104 మైక్రోసెకన్లు. మూడు వోల్టేజీలు, మూడు కరెంటులు కలిపి ఆరు కొలతలకు 624. మన కరెంటు ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు కాబట్టి, ఒక్కో చుట్టులో ఒక్కోదానికి దాదాపు 32 కొలతలు దొరుకుతాయి. ఒక కొలతకూ మరో కొలతకూ నడుమ చిప్పుకు 1,660 పైచిలుకు టిక్కులు మిగులుతాయి. హెచ్చవేతకూ కూడికకూ అవి కావలసినన్ని. అంటే బావ పొలంలో కాలిన మోటరును కాపాడటానికి పాత చిప్పు వేగం చాలు, మిగులుతుంది కూడా.

మరి కొత్త చిప్పును పారేశానా? లేదు. ఇక్కడ మానుకోట ప్రశ్న మళ్ళీ వచ్చింది. లేని ఫేజు ఎలా కనబడింది? పాత పాఠ్యపుస్తకం తీస్తే జవాబు అందులోనే ఉంది. తిరుగుతున్న మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోతే, ఆ తిరుగుడుతో మోటరే పోయిన తీగమీద వోల్టేజిని పుట్టిస్తుంది. కొలిచి చూస్తే అసలుకు కొంచెం తక్కువగా, కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. వోల్టేజి ఎంత ఉన్నదని మాత్రమే చూసే నా డబ్బాకు అది ఉన్నట్టే కనిపిస్తుంది. చిప్పు నెమ్మదిగా లేదు. ఉన్న వోల్టేజిని ఉన్నట్టే చెప్పింది. అడిగిన ప్రశ్నే తప్పు.

అడగవలసింది, మూడు తీగల కరెంటులూ సమానంగా, సమాన దూరంలో ఉన్నాయా అని. అవి తప్పినప్పుడు మోటరులో కొంత భాగం దాన్ని వెనక్కి తిప్పాలని చూస్తుంది. గానుగకు కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి ఎదురు తిరిగినట్టు. వేడెక్కించేది ఆ వెనక్కి లాగే కరెంటే. దాన్ని లెక్కించే ఉపాయం చక్కనిది. ఒక చుట్టుకు సరిగ్గా 30 కొలతలు తీసుకుంటే, మూడవ వంతు చుట్టు అంటే పది కొలతలు. ఒక తీగ కొలతను పది స్థానాలు, మరోదాన్ని ఇరవై స్థానాలు జరిపి మూడూ కలిపితే చాలు. అన్నీ సమానంగా ఉంటే సున్నా వస్తుంది. రాలేదంటే ఎద్దు తిరగబడింది.

ఇందుకు కొత్త చిప్పు నిజంగా పనికొచ్చింది, అయితే వేగానికి కాదు. దానిలో అంకెలుగా మార్చే యంత్రాలు రెండున్నాయి. ఒక ఫేజు వోల్టేజినీ కరెంటునూ ఒకే క్షణంలో కొలుస్తాయి. పాతదానిలో ఒకటి కొలిచి రెండవదానికి వచ్చేసరికి దాదాపు రెండు డిగ్రీలు జరిగిపోతుంది. లెక్కలో సరిచేసుకోవచ్చు గానీ చిరాకు. అంతకంటే ముఖ్యమైనది చోటు. ఆరు కొలతలు, ఒక్కోదానికి 30, రెండేసి బైట్లు. ఒక చుట్టుకు 360 బైట్లు. మోటరు ఆగడానికి ముందు ఏం జరిగిందో చూడాలంటే వెనుకటి చుట్లను దాచుకోవాలి. పాత చిప్పులో ఉన్నది 2 కిలోబైట్లు. అయిదు చుట్లు దాచితే ఇక కూర్చోవడానికి చోటుండదు. కొత్తదానిలో 20 కిలోబైట్లు. నలభై చుట్లు, అంటే 0.8 సెకను చరిత్ర, హాయిగా పడుతుంది. మానుకోటలో నాకు అప్పుడే ఆ చరిత్ర ఉండి ఉంటే భూపాలపల్లి రాత్రి వచ్చి ఉండేది కాదేమో.

కొత్త చిప్పు తెచ్చిన తంటాలు కూడా చెప్పాలి. పాతది 5 వోల్టులది, మొరటుది. కొత్తది 3.3 వోల్టులది, సుకుమారి. మానుకోటలో పెట్టిన మొదటి రోజున, కాంటాక్టరు పడిన ప్రతిసారీ చిప్పు స్పృహ తప్పి మళ్ళీ మొదటినుంచి లేచేది. కాంటాక్టరు చుట్ట తెగేటప్పుడు పుట్టే మెరుపు దెబ్బ అది. చుట్టకు అడ్డంగా వంద ఓముల రెసిస్టరు, కరెంటుకు తట్టుకొనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు వరుసగా కట్టాక నెమ్మదించింది. ఈ నీలి బోర్డుల్లో అసలు చిప్పులతో పాటు నకళ్ళూ కలిసి వస్తాయని అనుభవంమీద తెలిసింది. తరువాత 2021లో ప్రపంచమంతటా చిప్పుల కరువు వచ్చినప్పుడు ఇదే చిప్పు ధర చుక్కలనంటింది. అప్పుడు ఇంకో డబ్బా కావాలన్న పక్కింటి రైతుకు లేదని చెప్పవలసి వచ్చింది.

జనగామ కథ వేరు. మా బాపు బోరు ఆగి ఆగి పోస్తుంది. అరగంట పోస్తుంది, తరువాత గాలి. నీళ్ళు తగ్గితే కరెంటు బాగా పడిపోతుందనుకున్నాను, పడదు. అయస్కాంతాన్ని నిలబెట్టడానికే మోటరు చాలా కరెంటు తింటుంది, పని ఉన్నా లేకపోయినా. పది ఆంపియర్లు ఏడయ్యాయి, అంతే. వోల్టేజి కాస్త పెరిగితే ఆ తేడా కూడా కలిసిపోతుంది. కానీ వోల్టేజినీ కరెంటునూ క్షణక్షణం హెచ్చవేసి అసలు శక్తిని లెక్కిస్తే తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి ఒక ఫేజు చాలు, రెండు కొలతలు చాలు. అందుకే జనగామ కార్డును పాత చిప్పుతోనే, కొత్త ప్రోగ్రాముతో, వెనక్కి పంపాను. 16 మెగాహెర్ట్జులతో ఈనాటికీ నడుస్తోంది. బాపుకు రోజూ సందేశం వెళుతుంది. ఆయన చదవడు; ఫోను మోగిందంటే మోటరు ఆగిందని లెక్క.

ఇక మిగిలింది భూపాలపల్లి. కొత్త డబ్బాను మే నెలలోనే బిగించాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. బావ వచ్చినవారందరికీ "ఇది స్పీడు చిప్పు, ఇగ మోటరు కాలదు" అని చూపిస్తుంటే పక్కన నిలబడి తల ఊపాను. ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో! అది ఒక్కరోజులో చెప్పవలసిన మాట. నాకు ఆరునెలలు పట్టింది.

దసరాకు పోయాను. 2019 అక్టోబరు, ఆర్టీసీ సమ్మె మొదలైన రోజులు. మోటరు సైకిలు మీద పరకాల దారిన చేరేసరికి చీకటి పడింది.

"బస్సులు బందున్నయి గద, ఎట్లొచ్చినవ్ బామ్మర్దీ?" అన్నాడు బావ.

కాళ్ళు కడుక్కొని, మంచంమీద కూర్చొని, నీళ్ళు తాగకముందే చెప్పాను. చిప్పు తప్పు కాదని, పాతదైనా సరిపోయేదని, నేను రాసిన ప్రోగ్రామే మూడు నిమిషాలు మోడెము దగ్గర కూర్చుండిపోయిందని. రిలే తప్పించి ఉన్నది చూసి కూడా ఊరుకున్నానని.

బావ కొంతసేపు మాట్లాడలేదు. అక్క వంటింటి గడపలో నిలబడి వింటోంది.

"మా గనిల సర్దారు ఉంటడు. గ్యాసు చూసుడు ఆయన పని. ఆయన గ్యాసు చూసుడు ఇడిసిపెట్టి ఫోను కాడ కూసున్నడనుకో, ఊకుంటరా?" అన్నాడు.

"ఊకోరు" అన్నాను.

"గంతే గద నువ్వు జేసింది."

అంతే అన్నాను. రెండు వేలు తీసి ముందు పెట్టాను. బావ వాటిని చూశాడు గానీ ముట్టుకోలేదు. అక్క, "ఆ రెండు మళ్ళ వడ్లు ఎవలిస్తరు?" అని లోపలికి పోయింది. ఆమె అన్నది నవ్వులాటకు కాదు.

తెల్లవారి బావ ఆ డబ్బు నా చేతికే ఇచ్చి, బజారుకు పోయి మంచి ఓవర్‌లోడు రిలే ఒకటి తెమ్మన్నాడు. తెచ్చాను. లోపల చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. వేడికి వంగే లోహపు పట్టీలు మూడు. మెకానిక్కు కలిపిన తీగను నేనే కోసేసి రిలేను బిగించాను. బావ మోటరు పలకమీది ఆంపియర్లు చదివి చెబితే ముల్లును ఆ అంకెకు తిప్పాను. పరీక్ష మీట నొక్కితే కాంటాక్టరు పడింది. మళ్ళీ నొక్కమన్నాడు. మళ్ళీ పడింది. మూడవసారి తనే నొక్కి చూసుకొని, డబ్బా తలుపు మూసి, పండుగ పూట ఆలస్యమవుతున్నదని ఇంటికి నడిచాడు.